నీరు తీయు బిళ్ల - కావలియుండవలసిన రక్తపరీక్ష

(వింజమూరులో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, వీధిదీపములు, మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు మన సభలలో తరచుగా చర్చకు వచ్చు విషయములు. అట్టి సభలో ఒక చిన్న బిళ్లను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. ఇది వైద్యులు చెప్పవలసిన మాట కదా, సమాచార శాఖవారు చెప్పనేల అనియు అనిపింపవచ్చును. ఏ మందు ఎవరికి, ఎంత మోతాదులో ఇవ్వవలెనో నిర్ణయించుట వైద్యుని పని. అందులో మనము చేయి పెట్టరాదు. అయితే ఆ మందుతో ఇంటికి వచ్చిన మనిషి మరల రక్తపరీక్షకు పోయినాడా, వీధి చివరి దుకాణములో మరియొక బిళ్ల కొని దానితో కలిపి మ్రింగుచున్నాడా, వాంతులు, విరేచనములు పట్టినప్పుడు ఎవరికైన చెప్పినాడా, ఇవి ఊరిలో జరుగు సంగతులు. ఆసుపత్రిలోని వైద్యునకు ఇవి కానరావు. మీకు కానవచ్చును.

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న 29 విషయములలో 11వది త్రాగునీరు, 23వది ఆరోగ్యము, పారిశుధ్యము. కాబట్టి నేటి విషయము మీ పరిధికి వెలుపలిది కాదు.

బిళ్లలు రెండు తెగలు

కాళ్లకు నీరు దిగినవారికి, జలోదరముతో కడుపులో నీరు చేరినవారికి, గుండె బలము తగ్గి ఆయాసపడువారికి మూత్రము ఎక్కువగా వెడలునట్లు వైద్యులు బిళ్లలు వ్రాయుదురు. మూడు మందులు వాడినను రక్తపోటు లొంగనివారికి కూడ కొన్నిటిని ఇచ్చుట కలదు. మన ఊళ్లలో వీనినన్నిటిని కలిపి ‘నీరు పోయే బిళ్లలు’ అందురు. కాని ఇవి అన్నియు ఒకటి కావు.

ఫ్రూసిమైడ్, టార్సిమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ మొదలగునవి ఒక తెగ. ఇవి నీటితోను, ఉప్పుతోను పాటు పొటాషియమను లవణమును కూడ మూత్రములో వెడలగొట్టును. స్పైరోనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్, ట్రయామ్టెరీన్ అనునవి రెండవ తెగ. ఇవి నీటిని, ఉప్పును పంపివేయును గాని పొటాషియమును శరీరములోనే నిలుపును. నేడు నేను చెప్పబోవునది ఈ రెండవ తెగను గూర్చియే. వీనిలో ఎక్కువ వాడుకలోనున్నది స్పైరోనోలాక్టోన్. ఇది ఆల్డాక్టోన్ వంటి పేర్లతో ఒంటిగాను, లాసిలాక్టోన్, డైటార్ ప్లస్ వంటి పేర్లతో మొదటి తెగ మందుతో జంటగాను అమ్మకములో నున్నది.

పొటాషియం విషము కాదు. అది లేనిదే కండరము కదలదు, గుండె కొట్టుకొనదు. శరీరములోని పొటాషియంలో నూటికి సుమారు 98 పాళ్లు కణముల లోపలనే యుండును. వెలుపల నున్నది స్వల్పము. ఆ స్వల్పములోని హెచ్చుతగ్గులే గుండె లయను శాసించును. రక్తములో దీని కొలత లీటరునకు 3.5 నుండి 5 మిల్లీమోళ్ల వరకు ఉండుట సామాన్యము. 5.5 దాటినచో మందు మోతాదును గూర్చి వైద్యుడు మరల ఆలోచింపవలసియుండును. 6 దాటినచో అది ప్రమాదము. అంతకు మించినకొలది గుండె లయ తప్పి, ఆగిపోవుటయు సంభవింపవచ్చును.

మనము మెట్ట రైతులము గనుక చెరువు మాటలలో చెప్పుకొందము. తిండితో లోనికి వచ్చిన పొటాషియంలో ఎక్కువ భాగము మూత్రపిండముల ద్వారానే వెలుపలికి పోవలెను. మూత్రపిండములు ఈ చెరువునకు కలుజు వంటివి. ఆ కలుజును తెరచి పొటాషియమును పారించునది ఆల్డోస్టెరోన్ అను హార్మోను. దీనిని శాస్త్రజ్ఞులు 1953లో వేరుపరచి గుర్తించిరి. ఆ తరువాత కొన్ని సంవత్సరములకే తయారైన స్పైరోనోలాక్టోన్ ఈ హార్మోను పనిని అడ్డగించును. అనగా కలుజు మీద పలకలు వేసి మట్టమును నిలుపును. చెరువులో నీరు తగ్గుచున్నప్పుడు పలకలు మేలే చేయును. కాని కలుజు ముందే పూడిపోయి, ఎగువనుండి వరద దిగుచుండగా పలకలు వేసినచో కట్టకు ముప్పు వచ్చును. పూడిన కలుజు దెబ్బతిన్న మూత్రపిండము. వరద యనగా మనము తినునది, త్రాగునది, దుకాణమునుండి తెచ్చి మ్రింగునది.

మందు గొప్పది, కాపలా కావలెను

ఈ మాటలు విని ఇది చెడ్డ మందని ఎవరును తలపరాదు. 1999లో వెలువడిన ‘రేల్స్’ అను పరిశోధనలో గుండె బలము బాగుగా క్షీణించిన 1,663 మంది రోగులను 15 దేశములలో పరిశీలించిరి. దినమునకు 25 మిల్లీగ్రాములతో స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టినవారిలో మరణములు, మందులేని ఉత్తి బిళ్లను పొందినవారిలోకంటె నూటికి 30 పాళ్లు తక్కువగా నుండెను. ఈ మేలు స్పష్టముగా కనబడుటచే ఆ పరిశోధనను అనుకొన్న గడువుకంటె ముందే ముగించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర ఔషధముల పట్టికలోను ఈ మందు కలదు.

దీనికి రెండవ ప్రక్కయు వినవలెను. ఆ ఫలితములు ప్రకటింపబడగానే కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రములో వైద్యులు ఈ బిళ్లను విరివిగా వ్రాయసాగిరి. ఎనాలప్రిల్, రామిప్రిల్ తెగకు చెందిన మందును వాడుచు గుండె బలహీనతతో చికిత్స పొందుచున్న వృద్ధుల లెక్కలను అచ్చటి పరిశోధకులు తీసిరి. పొటాషియం పెరిగి ఆసుపత్రి పాలైనవారు 1994లో వేయికి 2.4 మంది కాగా 2001 నాటికి వేయికి 11 మంది అయిరి. ఆ కారణమున మరణించినవారు వేయికి 0.3 నుండి 2 మందికి పెరిగిరి. ఈ లెక్కలు 2004లో ప్రకటింపబడినవి.

బిళ్ల అదియే. మరి ఈ తేడా ఏల వచ్చినది? పరిశోధనలో మూత్రపిండములు బాగుగా చెడినవారిని, పొటాషియం ముందే హెచ్చుగా నున్నవారిని చేర్చుకొనలేదు. చేర్చుకొన్నవారికి గడువు తప్పక రక్తపరీక్షలు చేసిరి. బయటి లోకములో ఆ ఎంపికయు, ఆ కాపలాయు సడలినవి. ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు కొదువలేని దేశముననే ఇట్లు జరిగినప్పుడు, పరీక్షకై ఒక దినపు కూలి విడిచి బస్సెక్కవలసిన మన పల్లెలలో ఎంత మెలకువ అవసరమో మీరే యోచింపుడు.

మన మెట్టలో ప్రత్యేకముగా జాగ్రత్త ఏల?

పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంతపు నీటి కష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు, కీళ్లు పట్టుకొనిపోవు వ్యాధిని గూర్చి మన దేశమున తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లానుండియే వెలువడినది. అందు పేర్కొనబడిన గ్రామములున్న ప్రాంతము 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినది. అయినను ఆ బాధ జిల్లా సరిహద్దు వద్ద ఆగలేదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీరు త్రాగిన తరమునకు కీళ్ల నొప్పి, నడుము నొప్పి ఎట్టివో తెలియును.

ఆ నొప్పులకు మన మెట్ట మనిషి ఏమి చేయును? పొలము పని మానుకొనలేడు. సాయంకాలము మందుల దుకాణమునకు పోయి నొప్పి బిళ్ల అడుగును. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అను ఈ బిళ్లలు నొప్పి తగ్గించును. దీర్ఘకాలము వాడినచో మూత్రపిండములకు కీడు చేయును. అంతకు ముందే అవి బలహీనముగా నున్నచో కొన్ని దినముల వాడుకయే వాని పనిని మందగింపజేయును. దీనికి తోడు ఎండకాలములో 40 డిగ్రీలు దాటిన వేడిలో పనిచేసి, చాలినంత నీరు త్రాగనివారికి మూత్రపిండములలో రాళ్లు, ఇతర ఇబ్బందులు కలుగుట కలదు. చక్కెర వ్యాధి, రక్తపోటు నానాటికి పల్లెలలోనికి వచ్చినవి. అవియు మూత్రపిండములను చెరచునవే. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎట్లు ఇంటింటి దుఃఖమైనదో మన రాష్ట్రములో అందరు ఎరుగుదురు. పలాసలో దానికై ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము 2023లో ప్రారంభింపబడినవి.

అనగా కలుజు పూడియున్నదో లేదో తెలియనివారు మన మధ్య ఎందరో కలరు. మూత్రపిండముల పని సగము తగ్గువరకు బయటకు ఏ సూచనయు కనబడకపోవచ్చును. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేసినప్పుడే అది తెలియును.

ఒక రైతును ఊహింపుడు. వయస్సు 62. గుండె బలహీనమైనది. పెద్ద ఆసుపత్రిలో వైద్యుడు పరీక్షించి 25 మిల్లీగ్రాముల స్పైరోనోలాక్టోన్, రక్తపోటుకు టెల్మిసార్టన్ వ్రాసి, వారము దినములలో రక్తపరీక్షకు రమ్మనినాడు. నాలుగు దినములకే కాళ్ల వాపు దిగినది, ఆయాసము తగ్గినది. ‘గుణమైనది కదా, బస్సు చార్జీలు పెట్టుకొని మరల పోవుట ఎందుకు’ అని అతడు పోలేదు. బిళ్లలు అయిపోయినప్పుడు పాత చీటీ చూపి దుకాణములో మరల కొన్నాడు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ చేర్చినాడు. వేసవిలో విరేచనములు పట్టినవి. నీరసమునకు మంచిదని ఇంటివారు దినమునకు మూడు కొబ్బరి బొండములు త్రాగించిరి. బిళ్లలు మాత్రము మానలేదు. మూడవ దినమున కాళ్లు తేలిపోయినవి, నాడి మందగించినది. ఇందులో ఏ ఒక్క పనియు దుర్బుద్ధితో చేసినది కాదు. ప్రతి పనికి ఒక న్యాయమైన కారణము కలదు. కాని నాలుగును ఒకచోట కూడినవి. మనము విడదీయవలసినది ఈ కూడికనే.

పొటాషియం వచ్చు దారులు

మొదటిది నొప్పి బిళ్లలు. ఇవి మూత్రపిండముల పనిని తగ్గించి పొటాషియమును నిలుపును. ఈ తెగ నీటి బిళ్ల వాడువారు వైద్యుని అడుగక వానిని ముట్టరాదు. నొప్పికి పారాసిటమాల్ సాధారణముగా మేలైనది. దానిని కూడ చెప్పిన మోతాదుకు మించి మ్రింగరాదు. కాలేయ వ్యాధి గలవారు దానికిని వైద్యుని సలహా తీసికొనవలెను.

రెండవది ఉప్పు. రక్తపోటు గలవారికి, గుండె జబ్బువారికి ఉప్పు తగ్గించుట మంచిదే. అయితే ‘లో సోడియం’ ఉప్పు అను పేర అమ్ము పొట్లములలో మామూలు ఉప్పునకు బదులు కొంత భాగము పొటాషియం క్లోరైడు కలుపుదురు. ఆరోగ్యవంతులకు అది మేలు చేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇట్టి ఉప్పును పెద్దవారికి సిఫారసు చేయుచునే, మూత్రపిండముల వ్యాధి గలవారికి, పొటాషియమును వెడలగొట్టలేని స్థితి గలవారికి ఆ సిఫారసు వర్తింపదని స్పష్టము చేసినది. మన బిళ్ల వాడువారు ఈ రెండవ కోవలోనివారు. వారికి తగినది మామూలు ఉప్పును తగ్గించి వాడుట. ఊరగాయలు, అప్పడములు, ఉప్పు చేపలు తగ్గించుట. ఉప్పు మార్చుట కాదు.

మూడవది కొబ్బరి నీరు. 100 మిల్లీలీటర్ల లేత కొబ్బరి నీటిలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉండును. మూత్రపిండములకు చలువ అని, రాళ్లు కరుగునని దీనిని విరివిగా త్రాగుట, అరటి దూట రసము త్రాగుట మన వైపు వాడుక. ఆరోగ్యవంతునకు చలువయైనది ఈ బిళ్ల వాడువానికి వరద కావచ్చును. అరటిపండు, బత్తాయి రసము, టమాట, చిలగడదుంప, ఆకుకూరలలోను పొటాషియం కలదు. వీనినన్నిటిని మానివేయుమని నేను చెప్పుటలేదు. రక్తపరీక్షలో కొలత సరిగా నున్నచో మామూలు తిండిని మామూలుగా తినవచ్చును. కొలత హెచ్చినచో ఏది ఎంత తగ్గింపవలెనో వైద్యుడు చెప్పును. అట్టివారు కూరగాయలను తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో పొటాషియం కొంత తగ్గును.

నాలుగవది సిరప్పులు. మొదటి తెగ బిళ్ల వాడునప్పుడు పోయిన పొటాషియమును పూరించుటకు వైద్యులు పొటాషియం క్లోరైడు సిరప్పు వ్రాయుదురు. తరువాత రెండవ తెగ బిళ్ల చేర్చినప్పుడు పాత సిరప్పు సంగతి మరచి రెండును త్రాగువారు కలరు. మూత్రములో మంటకు, రాళ్లకు ఇచ్చు కొన్ని సిరప్పులలోను పొటాషియం సిట్రేట్ ఉండును. కాబట్టి సీసాల మీది పేర్లతో ఆగక, ఇంటిలోనున్న మందులనన్నిటిని ఒక సంచిలో వేసికొని వైద్యునకు చూపవలెను. ఆ సంచిలో వేరువేరు పేర్లు గల రెండు బిళ్లలుండి, రెంటిలోను స్పైరోనోలాక్టోనే యుండుటయు సంభవము. అట్టప్పుడు మోతాదు తెలియకయే రెట్టింపగును.

అయిదవది ఇతర మందులు. ఎనాలప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ అను రక్తపోటు మందులు పొటాషియమును కొంత నిలుపును. వైద్యులు తెలిసియే వీనిని ఈ బిళ్లతో కలిపి ఇచ్చుట కలదు. ఆ జత వలన గుండెకు మేలు కలుగును. కావున వీనిని సొంతముగా మానరాదు. పరీక్షలు మరింత శ్రద్ధతో చేయింపవలెను. జ్వరమునకు, మూత్రపు మంటకు ఇచ్చు కో-ట్రైమాక్సజోల్ అను మందు ఈ బిళ్లతో కలిసినచో, ముఖ్యముగా వృద్ధులలో, పొటాషియం త్వరగా పెరుగును. ఏ జబ్బుకు ఎవరి వద్దకు పోయినను ‘నేను ఈ నీటి బిళ్ల వాడుచున్నాను’ అని ముందుగా చెప్పవలెను.

పరీక్ష ఎప్పుడు?

బిళ్ల మొదలుపెట్టుటకు ముందు ఒకసారి పొటాషియం, క్రియాటినిన్ రెండును చూడవలెను. మొదలుపెట్టిన వారమునకు ఒకసారి, నాలుగు వారములకు ఒకసారి చూడవలెను. ఆ పిమ్మట కొన్ని నెలలకొకసారి వైద్యుడు చెప్పిన గడువున చూడవలెను. మోతాదు పెంచినను, పైన చెప్పిన మందులలో ఏదైన క్రొత్తగా చేర్చినను లెక్క మరల మొదటి వారమునుండియే. చక్కెర వ్యాధి గలవారు, మూత్రపిండములు బలహీనముగా నున్నవారు, 65 ఏండ్లు దాటినవారు ఈ గడువులను ఒక్క దినమైనను తప్పరాదు.

ఇచ్చట ఒక చిన్న విషయము గమనింపదగినది. తీసిన రక్తము ప్రయోగశాలకు చేరుట బాగుగా ఆలస్యమైనను, దారిలో కణములు పగిలినను, కణములలోని పొటాషియం బయటకు వచ్చి కొలత ఉన్నదానికంటె హెచ్చుగా కానవచ్చును. ఒంటిలో ఏ మార్పు లేక అంకె మాత్రము హెచ్చుగా వచ్చినచో వైద్యుడు పరీక్షను మరల చేయించును. దానిని వృథా ఖర్చు అనుకొనరాదు. అట్లని హెచ్చిన అంకెను పొరపాటని మనమే త్రోసివేయరాదు.

వాంతులు, విరేచనములు, వడదెబ్బ, తిండి నీరు లేని ఉపవాసము, ఇవి పట్టినప్పుడు మూత్రపిండములకు చేరు రక్తము తగ్గును. ఆ దినములలో ఈ బిళ్లను ఆపవలెనా, ఎన్ని దినములు ఆపవలెనో అదే దినమున వైద్యుని అడుగవలెను. ఈ సంగతిని మందు వ్రాయించుకొనునాడే అడిగి చీటీ మీద వ్రాయించుకొనుట ఇంకను మేలు. ఓఆర్ఎస్ పొట్లములో కూడ కొంత పొటాషియం కలదు. విరేచనములలో పోయినదానిని పూరించుటకై అది కలుపబడినది. కాబట్టి భయపడి ఓఆర్ఎస్ నిరాకరింపరాదు. బిళ్ల సంగతి ఆరోగ్య కార్యకర్తకు చెప్పి, ఎంత త్రాగవలెనో తెలిసికొనవలెను.

పొటాషియం పెరిగినప్పుడు కండరముల బలహీనత, కాళ్లు చేతులు బరువెక్కుట, తిమ్మిరి, గుండె దడ, నాడి మందగించుట, స్పృహ తప్పుట కానవచ్చును. పెక్కుమారులు ఏ సూచనయు లేకుండగనే అది పెరుగును. అందుచే ‘నాకేమియు బాధ లేదు, పరీక్ష ఎందుకు’ అను మాట ఈ బిళ్ల విషయములో చెల్లదు. ఈ సూచనలు కనబడినచో ఇంటి వైద్యములు చేయుచు కాలము గడపక 108కి ఫోను చేసి, ఈసీజీ తీయగల ఆసుపత్రికి చేర్పవలెను. మ్రింగుచున్న మందులన్నియు వెంట తీసికొనిపోవలెను.

సిగ్గుపడి మానినచో నష్టము

చెప్పుకొనుటకు మగవారు వెనుకాడు సంగతి ఒకటి కలదు. స్పైరోనోలాక్టోన్ వలన కొందరు పురుషులకు రొమ్ములు ఉబ్బుట, నొప్పి కలుగుట జరుగును. రేల్స్ పరిశోధనలో ఈ బిళ్ల వాడిన పురుషులలో నూటికి 10 మందికి ఇట్లయినది. ఉత్తి బిళ్ల వాడినవారిలో నూటికి ఒకరికి మాత్రమే. ఇది మగతనమునకు వచ్చిన లోపము కాదు. మందు స్వభావము. ఎవరికిని చెప్పక మందు మానివేసినవానికి కొలది కాలములోనే మరల నీరు చేరును, ఆయాసము తిరిగి వచ్చును. వైద్యునకు చెప్పినచో ఎప్లెరినోన్ వంటి వేరు మందు ఇచ్చు మార్గము కలదు. స్త్రీలలో కొందరికి నెలసరి క్రమము తప్పవచ్చును. గర్భవతులు, గర్భము ధరింపదలచినవారు ముందుగానే వైద్యునకు తెలుపవలెను.

అటులనే ఒకరి బిళ్లను ఇంకొకరు మ్రింగరాదు. గుండె జబ్బునకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టు ఇదే మందును కాలేయము చెడి కడుపులో నీరు చేరినవారికి 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టుట కలదు. ప్రక్కింటివారికి నాలుగు రెట్లు ఇచ్చిరి గదా యని తన మోతాదును పెంచుకొనుట ప్రాణముతో చెలగాటము. కాళ్లవాపు కనబడగానే ప్రక్కింటి బిళ్ల తెచ్చి వేసికొనుట అంతకంటె ప్రమాదము. ఆ వాపునకు కారణము చెడిన మూత్రపిండమే కావచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

ఇంతవరకు చెప్పినది రోగి చేయవలసిన పని. ఇక మీరు చేయగలిగినవి నాలుగు కలవు. వీనిలో ఏ ఒక్కదానికిని పెద్ద పద్దు అక్కరలేదు.

మొదటిది, మీ గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘము సమావేశములో ఈ విషయమును చేర్చుడు. గుండె, కాలేయము, మూత్రపిండముల జబ్బులకు దీర్ఘకాలము మందులు వాడువారి వద్దకు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం పోయినప్పుడు ‘చివరి రక్తపరీక్ష ఏనాడు? మరల ఏనాడు?’ అను రెండు ప్రశ్నలు అడుగవలెనని కోరుడు. రోగుల పేర్లు, జబ్బులు గ్రామసభలో చదువరాదు. అది వారి సొంత విషయము. ఆరోగ్య సిబ్బంది వద్దనే యుండవలెను.

రెండవది, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మీ మండలములో ఎచ్చట చేయుదురో, ఏ దినములలో చేయుదురో, ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగా దొరకునదేదో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని అడిగి తెలిసికొని, పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డు మీద వ్రాయింపుడు. సమీపమున పరీక్ష లేనిచో ఆ కొరతను తీర్మానరూపమున పైవారికి తెలుపుడు. పరీక్ష నెల్లూరు వరకు పోయిననే గాని కాదనుకొని ఇంటిలో కూర్చుండువారికి ఆ ఒక్క నోటీసు దారి చూపును.

మూడవది, మందుల దుకాణదారులతో మాటలాడుడు. వారు మన ఊరివారే, మన హితము కోరువారే. వైద్యుని చీటీ లేక ఈ బిళ్లను అమ్మరాదని, నెలల నాటి పాత చీటీ మీద మరల మరల ఇవ్వరాదని, నొప్పి బిళ్ల అడిగిన వృద్ధుని ‘నీరు పోయే బిళ్ల వాడుచున్నావా పెద్దాయనా?’ అని ఒక్క మాట అడుగవలెనని వారిని కోరుడు. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును నిలుపవచ్చును.

నాలుగవది, మీ చేతిలోని అసలు పని, మంచినీరు. ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల ఉండుట మేలని, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చునని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. మీ బోర్ల నీటిని పరీక్ష చేయించి, ఫలితమును ఊరివారికి తెలుపుడు. మంచి నీరు త్రాగిన తరమునకు కీళ్ల నొప్పి తగ్గును. నొప్పి తగ్గినచో నొప్పి బిళ్ల తగ్గును. నొప్పి బిళ్ల తగ్గినచో మూత్రపిండము నిలుచును. మూత్రపిండము నిలిచినచో ఈ మందు కూడ నిర్భయముగా పనిచేయును. చూచితిరా, కుళాయి వద్ద మీరు చేయు పని ఎంత దూరము పోవునో!

సభ ప్రారంభమునకు ముందు ఒక సభ్యుడు నన్ను ఇట్లడిగిరి: ‘ఇన్ని జాగ్రత్తలు చెప్పినచో భయపడి జనము మందే మానివేయరా?’ న్యాయమైన ప్రశ్న. అందుకే ఊరికి పోయి ఈ మాట చెప్పునప్పుడు మొదట ‘మందు మానవద్దు’ అని చెప్పుడు, తరువాత ‘పరీక్ష మానవద్దు’ అని చెప్పుడు. రెండు మాటలను జంటగానే చెప్పుడు. మొదటి మాట విడిచినచో ఆయాసముతో మనిషి పోవును. రెండవ మాట విడిచినచో పొటాషియముతో పోవును. బిళ్ల మ్రింగుట సగము వైద్యము, గడువునకు రక్తము చూపించుకొనుట తక్కిన సగము.

పంట కాపునకు వచ్చిన చేనికి రాత్రింబవళ్లు కాపలా కాయుట మన మెట్ట రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. అదే కాపలాబుద్ధిని ఇంటిలో మందు వాడు పెద్దల పట్ల చూపుమని మాత్రమే నా మనవి.